దమ్ము ఆగుతది

పోయిన వారం మా వారికి నిద్ర పరీక్ష చేయించడానికి అమీర్‌పేట వెళ్లాం. మెట్రో దిగి, కోచింగ్ సెంటర్ల ముందు పంచిపెట్టే కరపత్రాలు వద్దనలేక నాలుగైదు పుచ్చుకుని, ఒక అద్దాల మేడ రెండో అంతస్తులో ఉన్న డయాగ్నస్టిక్ సెంటర్లో ఏసీ చలికి కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కూర్చున్నాక, ఇరవై రెండో ఇరవై మూడో ఏళ్లున్న ఒకమ్మాయి చేతిలో ట్యాబ్‌తో వచ్చి, పరీక్ష చేయించుకోబోయే మనిషిని వదిలేసి నన్ను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. గురక ఎన్నేళ్లుగా ఉంది, పక్క గదికి వినబడుతుందా, టీవీ ముందు కూర్చుంటే కునుకు పడుతుందా అంటూ ఒక్కొక్కటే అడుగుతుంటే చకచకా చెప్పుకుపోయాను. అసలు గురక పెట్టేది తను కాదు, నేనేనని మా వారు పక్కనుంచి వేళాకోళం కూడా ఆడారు. ఆ తరవాత ఆ పిల్ల తలెత్తకుండానే, "ఆంటీ, నిద్రలో అంకుల్‌కి ఊపిరి ఆగినట్టు మీరెప్పుడైనా గమనించారా?" అని అడిగింది. నేను ఒళ్లో ఉన్న కరపత్రాల అంచులు సర్దుతూ ఉండిపోయాను. వినబడలేదనుకుందో ఏమో, కాసేపు చూసి, 'తెలియదు' అన్నచోట వేలు పెట్టి తరవాతి ప్రశ్నకు వెళ్లిపోయింది.

తెలియక కాదు. ఆ ప్రశ్న ఒకప్పుడు నేనే, పంజగుట్టలో బల్లకు ఇవతల కూర్చుని, ఒకావిడను అడగవలసి ఉండి అడగలేదు. ఈ సంగతి ఇన్నేళ్లలో మా వారికి తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఆయనకైనా సగమే చెప్పాను. నా ఈడువాళ్లు చదువుతారన్న ధైర్యంతో ఇప్పుడు పూర్తిగా చెబుతున్నాను. నలుగురి మంచిచెడ్డలతో ముడిపడిన ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లకు ఇలాంటిది ఒకటైనా లోపల ఎక్కడో ఉండే ఉంటుందని నా అనుమానం.

పెళ్లయి తెనాలి దగ్గర పల్లె నుంచి ఎస్.ఆర్. నగర్‌లో రెండు గదుల వాటాలోకి వచ్చిన కొత్తల్లోనే, పంజగుట్ట చౌరస్తాకు కాస్త లోపలగా ఉండే ఒక ఛాతీ ఆసుపత్రిలో నాకు ఎక్స్‌రే టెక్నీషియన్ ఉద్యోగం దొరికింది. అది ఇప్పుడు లేదు, ఆ స్థలంలో బట్టల షాపు వచ్చింది. అప్పట్లో ఎక్స్‌రే అంటే చీకటి గదిలో ఫిల్మును మందునీళ్లలో ముంచి, కడిగి, క్లిప్పులకు తగిలించి ఆరబెట్టుకోవడమే, సాయంత్రానికి నా చేతివేళ్లు అదే వాసన వేసేవి, ఎన్నిసార్లు సబ్బు పెట్టి కడిగినా అన్నం కలిపేటప్పుడు తెలిసేది. పని కష్టమని ఎప్పుడూ అనుకోలేదు గాని, మాట దగ్గరే మొదట్లో ఇబ్బంది పడ్డాను. ఊపిరి గట్టిగా పీల్చి బిగబట్టండి అని నేను ఎంత స్పష్టంగా చెప్పినా, పలకకు ఛాతీ ఆనించి నిలబడ్డ పెద్దవాళ్లు తల తిప్పి నా వంక చూసేవారు, ఫిల్ము కదిలిపోయేది. రెండు మూడు రోజులు చూసి చూసి మా ఆసుపత్రి ఆయమ్మ, "గట్ల చెప్తే ఎవలకు సమజైతది మేడం, దమ్ము గుంజి ఆపుర్రి అనుర్రి" అని నేర్పింది. ఆ మాట అనగానే ఎంతటి ముసలాయన ఛాతీ అయినా బుద్ధిగా ఉబ్బి నిలబడేది. దమ్ము గుంజుర్రి, ఆపుర్రి, ఇగ వదులుర్రి. రోజుకు ముప్పై నలభై సార్లు ఆ మూడు మాటలూ అంటూ ఎన్నేళ్లు గడిపానో.

మాట వచ్చేసిందని నాకు కాస్త గర్వం కూడా వచ్చేసింది. నోటు పుస్తకం వెనక అట్ట లోపల ఇక్కడి మాటలు రాసి పెట్టుకునేదాన్ని. అందులో దమ్ముకు రెండు అర్థాలు రాసుకున్నాను, ఒకటి ఊపిరి, రెండు ఆయాసం జబ్బు. నాకు దమ్ముంది అని ఎవరైనా వస్తే అది ధైర్యం సంగతి కాదని, పిల్లికూతలు వచ్చే ఆయాసమని, మా వైపు నుంచి కొత్తగా వచ్చిన జూనియర్ డాక్టర్లకు నేనే పెద్ద పండితురాలిలా వివరించి చెప్పేదాన్ని. ఇది నవ్వుకుంటూ చెప్పుకోవలసిన విషయమే, తరవాతిది జరగకుండా ఉండి ఉంటే.

కొన్నేళ్లకు మా పెద్ద డాక్టరు గారు ఒక పరిశోధన మొదలుపెట్టారు. ఆయాసంతో వచ్చేవాళ్లలో ఎందరికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందో తేల్చాలన్నది ఆయన పట్టుదల. గురక అంటే అందరూ నవ్వే రోజులవి, గురక పెట్టి పడుకున్నాడంటే హాయిగా నిద్ర పట్టిందని అర్థం. కానీ కొందరికి ఆ గురక మధ్యలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతుందని, రాత్రంతా అలా జరిగితే పగలు తూగుతారని, గుండె మీదా మెదడు మీదా భారం పడుతుందని ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. వచ్చినవాళ్లకు ఛాతీ ఎక్స్‌రే తీయాలి, ఒక ఫారం నింపాలి, అనుమానం ఉన్నవాళ్లను ఒక రాత్రి పైఅంతస్తులో పడుకోబెట్టి, ఒంటికి వైర్లు అతికించి, ఊపిరి లెక్క చూడాలి. పైన ఉన్నవి రెండే మంచాలు గనుక ఎవరు పైకి వెళ్లాలో ముందు ఆ ఫారమే తేల్చాలి. పరీక్షలో జబ్బు బయటపడితే ముక్కుకు తగిలించుకుని పడుకునే గాలి మెషీను స్టడీ తరఫున ఉచితంగా ఇచ్చేవారు. బయట కొనాలంటే మామూలువాళ్లు తాకగలిగేది కాదు.

ఫారాలు నింపే పని నాకు అప్పగించారు, చేతిరాత బాగుంటుందని. ఆయన రెండే సంగతులు మరీ మరీ చెప్పారు. నిద్రపోతున్నవాడికి తన ఊపిరి సంగతి తెలియదు, పక్కన పడుకున్న మనిషే సాక్షి, కాబట్టి భార్యనో భర్తనో అడగాలి, వాళ్లు ఏ మాట అంటే ఆ మాటే రాయాలి, మన భాషలోకి దిద్దకూడదు. రెండోది, రాసింది తప్పయితే వైట్‌నర్ పూయకూడదు, గీకి చెరపకూడదు. కింది అక్షరం చదవడానికి వీలుగా ఒకే ఒక్క గీత గీసి, సరైనది పైన రాసి, పక్కన సంతకమూ తేదీ వేయాలి. పరిశోధన కాగితంలో తప్పు ఉండవచ్చు గాని తప్పు దాగకూడదు అనేవారు. రెండో సంగతి నాకు బాగా నచ్చింది. మొదటిది మాత్రం మనసుకు పట్టలేదు. స్కూల్లో వ్యాసరచనలో బహుమతులు తెచ్చుకున్న చెయ్యి, ఉండది, పండుకుంటడు అని కాగితం మీద పెట్టడానికి నామోషీ పడేది. వాళ్లు చెప్పింది విని, చక్కటి తెలుగులోకి మార్చి, గుండ్రంగా రాసేదాన్ని. ఎవరూ ఏమీ అనలేదు, పైగా నా ఫారాలు చూడముచ్చటగా ఉంటాయని పేరొచ్చింది.

అమీర్‌పేటలో మా బస్‌స్టాపు వెనక సందులో ఒక టైలరు ఉండేవాడు. టైలరన్న అని అందరూ పిలిచేవాళ్లం. సిరిసిల్ల వైపు నేతపని చేసుకునే ఇంటివాడు. మగ్గాల మధ్య పుట్టి పెరిగి, నూలు పొడి పీల్చి చిన్నప్పుడే ఆయాసం తెచ్చుకుని, ఆ పని మానుకుని హైదరాబాదు వచ్చి కుట్టుమెషీను పెట్టుకున్నాడు. జాకెట్టు కత్తిరించడంలో అతని చెయ్యి లాంటి చెయ్యి మళ్లీ నేను చూడలేదు. టేపు మెడలో ఊరికే వేలాడుతుండేది గాని, పాత జాకెట్టు ఒకసారి చేత్తో తడిమి చూసి, సుద్దతో రెండు గీతలు గీసి కత్తెర ఆడించేవాడు, అంతే, చంక దగ్గర పట్టడం గాని భుజం జారడం గాని ఉండేది కాదు. మనిషి స్థూలకాయం, మెడ పొట్టి, సరదా మనిషి. అయితే మధ్యాహ్నం పూట వెళ్తే మెషీను పెడల్ మీద కాళ్లు పెట్టుకునే కునుకు తీస్తుండేవాడు. ఒకసారి సూది వేలిలో దిగినా అర నిమిషం దాకా కళ్లు తెరవలేదని అతని భార్య నవ్వుతూ చెప్పింది, పక్కన పికో చేసే మెషీను దగ్గర కూర్చుని. సందులో వాళ్లంతా నిద్రన్న అని ఆటపట్టించేవారు. నాకు మాత్రం డాక్టరు గారి మాటలు గుర్తొచ్చి, ఇద్దరూ కలిసి ఆసుపత్రికి రమ్మని పట్టుబట్టాను. తీసుకువెళ్లింది నేనే. అందుకే నాకింత బాధ.

వాళ్లు వచ్చిన రోజు సోమవారం, వరండా నిండా జనం. టైలరన్నకు ముందు ఎక్స్‌రే తీశాను. దమ్ము గుంజుర్రి, ఆపుర్రి అంటే ఆపాడు, వదులుర్రి అంటే వదిలి, ఇంతేనా మేడం అని నవ్వాడు. ఆ తరవాత ఫారం తీసుకుని అతని భార్యను నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఆయాసం పగలెక్కువా రాత్రెక్కువా అన్న ప్రశ్నకు ఆవిడ తాపీగా చెప్పింది. "పొద్దంత దమ్ము లేస్తది మేడం. రాత్రి పండుకున్నంక దమ్ము ఆగుతది. జర సేపు సప్పుడే ఉండది. మల్ల ఒక్కపారి అందుకుంటది."

నేను విన్నది ఇది. పగలంతా ఆయాసం వస్తుంది, రాత్రి పడుకున్నాక తగ్గుతుంది, పిల్లికూతల చప్పుడు ఉండదు, కాసేపటికి మళ్లీ మొదలవుతుంది. నోటు పుస్తకం అట్ట లోపల రాసుకున్న రెండో అర్థం పెట్టుకుని విన్నాను మరి. 'రాత్రివేళ ఆయాసం ఉపశమిస్తుంది' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. దాని కింది ప్రశ్నే నిద్రలో ఊపిరి ఆగుతుందా అన్నది. ఆయాసమే తగ్గుతుందని చెప్పిన మనిషిని మళ్లీ అదేమిటి అడగడం అనిపించింది, బయట నుంచి ఎవరో తలుపు తోస్తున్నారు, లేదు అన్న గడిలో టిక్కు పెట్టేశాను. అరగంట క్రితం అదే మనిషి మొగుడికి, పక్క గదిలో, ఊపిరి అన్న అర్థంలో అదే మాట నా నోటితో నేనే చెప్పాను. గది మారేసరికి మాట అర్థం నేనే మార్చేసుకున్నాను.

సాయంత్రం డాక్టరు గారు ఆ ఫిల్మును వెలుగు పెట్టె మీద పెట్టి కొంచెం సేపు చూశారు. గుండె కాస్త వెడల్పుగా కనబడుతోందని, భార్య ఏమందని అడిగారు. ఫారం తీసి, రాసింది రాసినట్టు చదివి వినిపించాను, తడుముకోకుండా. ఆయన తల ఊపి టైలరన్నను ఆయాసం వాళ్ల జాబితాలో వేశారు. పీల్చే మందు రాసిచ్చి పంపించారు. పై అంతస్తు మంచం వేరే ఎవరికో వెళ్లింది.

ఆ తరవాత నాలుగైదు నెలలకు ఒక ఉదయం టైలరన్న లేచి కూర్చోబోతే కుడిచెయ్యి లేవలేదట. పక్షవాతం. ఏదో పెద్దాసుపత్రిలో చేర్చారని సందులో వాళ్లు చెబితే విని, బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను గాని, నాకు అప్పటికింకా దీనికీ ఫారానికీ సంబంధం తోచలేదు. పాపం అనుకున్నాను, కత్తెర పట్టే చెయ్యి గదా అనుకున్నాను. నెలన్నరకు, కాస్త నడక వచ్చాక, భార్య అతన్ని మా దగ్గరికి తీసుకొచ్చింది. ఆ రోజు డాక్టరు గారు ఫారం పక్కన పెట్టి తనే అడిగారు, పండుకున్నంక ఎట్లుంటడమ్మా అని. ఆవిడ ఆయన వైపు కాదు, నా వైపు తిరిగింది. ఆ ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యం ఒక్కటే ఉంది.

"నేనప్పుడే చెప్పిన గద మేడం, పండుకున్నంక దమ్ము ఆగుతదని. మీరు రాసుకున్నరు సుత."

అంటూనే, మాటతో సరిపోదనుకుందేమో, ఎలా ఉంటుందో చేసి చూపించింది. కళ్లు మూసుకుని, నోరు తెరిచి, గుర్రు గుర్రుమని నాలుగుసార్లు గురక పెట్టి, ఠక్కున ఆపేసింది. ఛాతీ కదల్లేదు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆవిడ అలాగే ఉంది. ఇగ వదులుర్రి అన్న మాట నాకు తెలియకుండానే నా పెదాల మీదికి వచ్చి ఆగింది. ఆ తరవాత ఒక్కసారి మునిగి తేలినట్టు గట్టిగా గాలి లాక్కుని, కళ్లు తెరిచి, "ఇట్ల" అంది. రాత్రికి ఎన్నిసార్లని డాక్టరు గారు అడిగితే, ఎన్నోసార్లని, భయమేసి తను భుజం తడుతూ మేలుకొని ఉంటుందని చెప్పింది.

వాళ్లు వెళ్లాక పాత ఫారం తీసి నేనే డాక్టరు గారి ముందు పెట్టి జరిగింది చెప్పాను. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పరీక్ష అప్పుడే చేసి ఉన్నా పక్షవాతం వచ్చేదో రాదో ఎవరూ చెప్పలేరని, అతనికి బీపీ కూడా ఉందని నెమ్మదిగా అన్నారు. నాకు ఊరట కలిగించడానికి అన్నారో, అదే నిజమో, ఇప్పటికీ నాకు తెలియదు. తరవాత తన పెన్ను నా వైపు జరిపి, "ఒక్క గీతే గీయండి, కింది రాత కనబడాలి" అన్నారు. 'ఉపశమిస్తుంది' మీద గీత గీశాను. లేదు అన్న టిక్కు మీద ఇంకో గీత. పైన, ఆవిడ అన్న మాట అన్నట్టుగానే, దమ్ము ఆగుతది అని రాశాను. నా చేతిరాతలో అలాంటి మాట కాగితం మీద పడటం అదే మొదలు. పక్కన సంతకం చేస్తుంటే అక్షరాలు వంకర పోయాయి.

స్టడీ లెక్కతో పని లేకుండా డాక్టరు గారు టైలరన్నకు పరీక్ష చేయించారు, జబ్బు బయటపడింది, ఎవరినో పట్టుకుని మెషీను కూడా ఇప్పించారు. పగటి నిద్ర పోయింది, ముఖంలో కళ వచ్చింది, మాట తేరుకుంది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. మెషీను వచ్చిన పదిహేను రోజులకు అతని భార్య ప్రత్యేకంగా నన్ను వెతుక్కుంటూ ఎక్స్‌రే గది దాకా వచ్చి, "ఇప్పుడు దమ్ము ఆగుతలేదు మేడం, నేను సుత నిద్ర పోతున్న. అంతా మీ దయనే" అని నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులు వెనక్కి లాక్కోలేక, అసలు సంగతి చెప్పలేక, మందునీళ్ల వాసన అంటుతుందని ఏదో సాకు చెప్పి విడిపించుకున్నాను.

చెప్పాలని రెండుసార్లు ఆ సందులోకి వెళ్లాను. మొదటిసారి టైలరన్న బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, ఎడమచేత్తో చూపిస్తూ, ఇంకో అర వేలు లోపలికి, గాడ గుండ్రం తిప్పు అని చెబుతుంటే ఆవిడ కత్తెర పట్టుకుని చెమటలు కక్కుతోంది. భర్త దగ్గర కత్తిరింపు నేర్చుకుంటోంది. నన్ను చూసి ఇద్దరూ ముఖం విప్పార్చుకుని, మొదటి గిరాకీ మీరే కావాలన్నారు. సంచిలో ఊరికే ఉన్న జాకెట్టు గుడ్డ తీసి ఇచ్చాను. రెండోసారి చెప్పాలని వెళ్లి, ఆవిడ కుట్టిన ఆ జాకెట్టు తెచ్చుకున్నాను. ఎడమ భుజం జారుతోంది, సరిచెయ్యమని అడగలేదు. మా వారితో, పొరపాటుగా రాశానని మాత్రం అంటే, ఇప్పుడు చెప్పి వాళ్ల మనసు పాడు చెయ్యడం తప్ప ఏముందన్నారు. నాకు కావలసింది ఆ మాటే గనుక అది పట్టుకుని ఊరుకున్నాను. పెద్ద పెద్ద కారణాలేం లేవు. భయపడ్డాను. ఆవిడ ముఖంలో ఆ ఆశ్చర్యం మరోసారి చూడలేననిపించింది.

మెట్రో పనులప్పుడు ఆ వరస కొట్లన్నీ పోయాయి. వాళ్లు కృష్ణానగర్ వైపు వెళ్లారని ఒకరు, సిరిసిల్లకే వెళ్లిపోయారని ఇంకొకరు అన్నారు. గట్టిగా వెతకలేదు, వెతికి ఉండవచ్చు.

ఇదంతా ఆ అద్దాల మేడలో, చల్లటి కుర్చీలో, ఆ పిల్ల మరో నాలుగు ప్రశ్నలు పూర్తిచేసేలోగా నా కళ్ల ముందు తిరిగింది. ఆగమ్మా అన్నాను. ఇందాక అడిగావే, ఊపిరి ఆగుతుందా అని, ఆగుతుంది, రెండు నెలల నుంచి చూస్తున్నాను, ఆగిన ప్రతిసారీ పక్కన పడుకుని, వదలండి వదలండి అని లోపల అనుకుంటూ ఉంటాను, ఇది అలాగే రాయమన్నాను. మా వారు నా వైపు తిరిగి చూశారు, ఈసారి వేళాకోళం ఆడలేదు. ఆ పిల్ల మర్యాదగానే, రాయడానికి ప్లేస్ ఉండదు ఆంటీ, అవును, కాదు, తెలియదు, అంతే అని చెప్పి, వెనక్కి వెళ్లి 'అవును' మీద వేలు పెట్టింది. 'తెలియదు' మీద ఉన్న నీలం రంగు చప్పున మాయమైంది. అదేమైందమ్మా అని అడిగితే, మార్చేశాను కదా ఆంటీ, ఇంక కనబడదు అంది, నన్ను సంతోషపెడుతున్నాననుకుని.

ఎంత సుఖమో ఈ కాలం పనులు. ఫిల్ము తడి లేదు, వేళ్లకు వాసన లేదు, ఇంటికే వచ్చి జబ్బు కొలుచుకుపోతారు, గురక అంటే నవ్వేవాళ్లు కూడా తగ్గారు. ఆ పిల్ల ప్రశ్న అడగడం అయితే మానలేదు, ఆ విధంగా నాకంటే నయం. కానీ మనిషి అన్న మాట అన్నట్టు పెట్టుకోవడానికి ఒక గడి, పడిన తప్పు పడినట్టు నిలిచి ఉండటానికి ఒక గీత, ఈ రెండూ ఎప్పుడు పోయాయో నేను గమనించలేదు. ఆసుపత్రి మూసేసినప్పుడు ఆ ఫారాలు ఏ గోడౌనుకు చేరాయో, పాత కాగితాల కింద పోయాయో తెలియదు. ఎక్కడైనా ఉంటే, నా గుండ్రటి తప్పు, దాని మీద గీత, పైన ఆవిడ మాట, పక్కన వంకర సంతకం, అన్నీ ఒక్కచోట చదవడానికి వీలుగానే ఉండి ఉంటాయి. ఆ కాగితం ఒకసారి ఆవిడ చేతికి ఇచ్చి ఉండవలసింది.